మోరీ నీళ్ళు మంచినీళ్ళయిన ఊరు

పోయినేడాది మా ఆదివారం తరగతిలో పిల్లలకి నీళ్ళకు సంబంధించిన మాటలు చెబుతున్నాను. బావి, చెరువు, కుంట, వాగు, ఊట, చెలమ... సింగపూరులో పుట్టి పెరిగిన పిల్లలు కదా, వాటిలో చాలా వరకు కళ్ళతో చూసినవి కావు. చెలమ అంటే ఏమిటో చెప్పటానికి ఏటి ఇసుకలో చేత్తో గుంట తవ్వటం, అడుగున నీళ్ళు ఊరటం బోర్డు మీద బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. "మంచినీళ్ళు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఒక పాప చెయ్యెత్తింది. "టీచర్, ఇవి మంచి నీళ్ళయితే మరి చెడ్డ నీళ్ళని ఏమంటారు?" అంది. "మురుగు నీళ్ళు" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "మా స్కూల్లో అలా అనకూడదన్నారు టీచర్. వాడిన నీళ్ళు అనాలట."

నాకు నవ్వొచ్చింది గానీ వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఈ ఊళ్ళో నీటి సరఫరా చూసే సంస్థ పి.యు.బి. 2001లో మురుగు నీటి బాధ్యత కూడా ఆ సంస్థకే వచ్చింది. అప్పటినుంచి వాళ్ళు "మురుగు" అనే మాటని తమ కాగితాల్లోంచి మెల్లగా తీసేశారు. మురుగు కాస్తా "వాడిన నీరు" అయింది. మురుగు శుద్ధి కర్మాగారాలు "నీటిని తిరిగి రాబట్టే కేంద్రాలు" అయ్యాయి. పేరు మారిస్తే నీళ్ళు మారతాయా అని మనం వెక్కిరించవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఊరందరి చేత ఆ నీళ్ళు తాగించాలనుకున్నప్పుడు మొదట అడ్డొచ్చింది యంత్రాలు కావు, డబ్బూ కాదు, ఈ మాటే.

అసలు వానలు ఇంత దంచికొట్టే ఊరికి నీళ్ళ కరువేమిటి అని మన చుట్టాలు అడుగుతుంటారు. సింగపూరులో ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో పడేది దాదాపు 550. కానీ వాన పడితే చాలదు, దాన్ని పట్టి ఉంచే చోటు కావాలి. ఈ దేశం మొత్తం కలిపి 730 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మన జిల్లాల్లో ఒక మాదిరి రెవిన్యూ డివిజను కూడా ఇంతకంటే పెద్దది. పెద్ద కొండలు లేవు, పెద్ద నదులు లేవు, చెప్పుకోదగ్గ భూగర్భజలం లేదు. అందుకే చాలాకాలం మలేసియాలోని జొహోరు నుంచి గొట్టాల్లో వచ్చే నీటి మీదే బతికింది. 1961లో ఒకటి, 1962లో ఒకటి ఒప్పందాలు రాసుకున్నారు. మొదటిది 2011లో ముగిసింది. రెండోదాని ప్రకారం జొహోరు నది నుంచి రోజుకి 250 మిలియన్ గాలన్ల వరకు తీసుకోవచ్చు, 2061 దాకా.

పరాయి ఊరి నీళ్ళ మీద బతకటం ఎంత ప్రమాదమో ఇక్కడివాళ్ళకి రెండుసార్లు తెలిసింది. 1942 జనవరి ఆఖరులో జపాను సైన్యం వస్తోందని బ్రిటిషువాళ్ళు జొహోరుకూ సింగపూరుకూ మధ్య కట్టను పేల్చేశారు. దానితోపాటే నీటి గొట్టమూ తెగింది. పక్షం రోజుల తరువాత ఊరు లొంగిపోయింది. రెండోసారి 1963లో. వానలు మొహం చాటేసి, దాదాపు పది నెలలు నీళ్ళకు రేషను పెట్టారు. ఆనాటి ఫోటోల్లో వీధి కుళాయిల ముందు వరసగా బిందెలు, బకెట్లు కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు అది హైదరాబాదు అనుకున్నాను.

1971లో "నీరు అమూల్యం" అంటూ మొదటి పెద్ద ప్రచారం మొదలైంది. అప్పటినుంచి పోస్టర్లు, పోటీలు, బడుల్లో పాఠాలు ఆగలేదు. పిల్లల కోసం 2005లో నీటిబొట్టు ఆకారంలో వాటర్ వాలీ అనే బొమ్మను తెచ్చారు. మన పిల్లలకి హనుమంతుడి తోక ఎంత పొడవో తెలియకపోయినా వాటర్ వాలీ మాత్రం బాగా తెలుసు. ఇవన్నీ నీళ్ళు ఆదా చెయ్యమని చెప్పే ప్రచారాలు. అవి సులువు. ఎవరూ కాదనరు. కష్టమైనది ఇంకోటుంది.

2000లో బెడోక్ దగ్గర ఒక చిన్న ప్రయోగశాల లాంటి కర్మాగారం పెట్టి, వాడిన నీటిని మళ్ళీ తాగేంత శుభ్రం చెయ్యవచ్చా అని పరీక్షలు మొదలుపెట్టారు. రెండేళ్ళు నిపుణుల సంఘం చూసింది. 2002లో ఫరవాలేదని తేల్చింది. ఆ నీటికి "న్యూవాటర్" అని పేరు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 9న, జాతీయ దినోత్సవం రోజున, అప్పటి ప్రధాని గో చోక్ టోంగ్‌తో సహా స్టేడియంలో ఉన్న 60,000 మంది సీసాలు పైకెత్తి ఆ నీళ్ళు తాగారు. 2003లో బెడోక్, క్రాంజి కర్మాగారాలు మొదలయ్యాయి. బెడోక్‌లోనే ఒక సందర్శన కేంద్రం తెరిచి బడిపిల్లల్ని, ముసలివాళ్ళని, ఊరికే చూడవచ్చినవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూపించటం మొదలుపెట్టారు. ఆ కేంద్రాన్ని 2024లో మూసేశారు. మూసేసేలోపల మేము ఒకసారి వెళ్ళాం. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం.

2018 డిసెంబరు సెలవుల్లో మా అమ్మ నల్లగొండ నుంచి వచ్చి మాతో ఉంది. మేము అక్కడికి వెళ్తున్నామంటే "ఏముంటదే ఆడ?" అని అడిగింది. చెప్పాను. ఆమె మొహం చూడాలి. "మోరీ నీళ్ళు మళ్ళ తాగుడా? ఏం కర్మ వచ్చింది బిడ్డా మీకు! ఇన్నొద్దులు నాకు పోసింది గవేనా?" అంది. ఆ రాత్రి మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. మా అబ్బాయి "అమ్మమ్మా, అవి చాలావరకు ఫ్యాక్టరీలకు పోతాయి" అని ఎంత చెప్పినా వినలేదు. వాడు చెప్పింది నిజమే. న్యూవాటర్‌లో ఎక్కువ భాగం చిప్పులు తయారుచేసే కర్మాగారాలకు, పెద్ద భవనాల్లో ఏ.సి. యంత్రాలకు పోతుంది. ఎండాకాలంలో కొంత జలాశయాల్లో కలుపుతారు. అక్కడ వాన నీటితో కలిసి, మళ్ళీ మామూలు నీటి శుద్ధి అంతా దాటి ఇంటికి వస్తుంది. మా అమ్మకు ఆ "కొంత" చాలు.

మా అమ్మకి చాదస్తమని అనుకోకండి. నీళ్ళను అనుమానించటానికి ఆమెకున్న కారణం మనలో ఎవరికీ లేదు. వాళ్ళ ఊరి బావిలో ఫ్లోరైడు ఉండేది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. నల్లగొండలో ఎన్నో ఊళ్ళలో అంతకు మించి ఉండేది. పళ్ళు పసుపుపచ్చగా, గార పట్టినట్టు అవుతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయి. మా పెద్దమ్మ నలభై ఏళ్ళకే కర్ర పట్టుకుంది. ఆ నీళ్ళను బాగుచెయ్యటానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థవాళ్ళు 1970లలో రూపొందించారు. దాన్ని ఇప్పటికీ లోకమంతా "నల్గొండ పద్ధతి" అనే పిలుస్తుంది. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది అలాగ. ఆమె ఊరికి కృష్ణ నీళ్ళు రావటం చాలా ఆలస్యంగా జరిగింది.

బెడోక్ కేంద్రంలో మమ్మల్ని తిప్పిన అమ్మాయి చాలా ఓపికగా చెప్పింది. మొదట వాడిన నీటిని మామూలుగానే శుద్ధి చేస్తారు. మడ్డి అడుక్కి దిగుతుంది, సూక్ష్మజీవులు కుళ్ళును తినేస్తాయి. మామూలుగా అయితే ఆ నీటిని సముద్రంలోకి వదిలెయ్యవచ్చు. న్యూవాటర్ పని అక్కడినుంచి మొదలవుతుంది. మొదటి మెట్టులో సన్నటి గొట్టాల్లాంటి జల్లెడల గుండా పంపిస్తారు. బాక్టీరియా, మిగిలిన మడ్డి అక్కడే ఆగిపోతాయి. రెండో మెట్టులో ఒక పల్చటి పొర ఉంటుంది. దాని కన్నాలు ఎంత చిన్నవంటే నీటి అణువు దూరగలదు గానీ కరిగిపోయిన ఉప్పు, లోహాలు, మందుల అవశేషాలు, వైరసులు దాదాపు ఏవీ దూరలేవు. నీటిని గట్టిగా తోస్తే గానీ దాటదు. కరెంటు ఖర్చంతా అక్కడే. మూడో మెట్టు అతినీలలోహిత కాంతి. ఏ క్రిమైనా తప్పించుకు వచ్చిందేమోనన్న జాగ్రత్త కోసం. చివర్లో నీటి ఆమ్లగుణం సరిచేస్తారు. 

ఆ రెండో మెట్టు దగ్గర గోడకి ఒక పొరను కోసి, చుట్టలు విప్పి చూపించేలా పెట్టారు. చాపలా చుట్టిన తెల్లటి గొట్టం. మా అమ్మ దాని దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. "గిది మా ఊర్ల ప్లాంటుల ఉన్నదే గద!" అంది.

అవును, అదే. మన ఊళ్ళలో పది రూపాయలకో ఇరవైకో ఇరవై లీటర్ల క్యాను నింపి ఇచ్చే ప్లాంట్లు చూశారు కదా. "మినరల్ వాటర్" అని బోర్డు ఉంటుంది గానీ మినరల్స్ తీసేసే నీళ్ళవి. వాటిలో ఉండేది ఈ ఆర్.ఓ. పొరే. ఫ్లోరైడును ఆపుతున్నదీ అదే. మా అమ్మ ఎన్నో ఏళ్ళు ఆ క్యాను నీళ్ళు తాగింది. ఆ ప్లాంటులోకి వెళ్ళేది ఎముకలు వంచే బోరు నీరని ఆమెకు తెలుసు. బయటికొచ్చేవి మంచినీళ్ళని నమ్మింది. ఇక్కడ లోపలికి వెళ్ళే నీరు వేరు, పొర అదే. పైగా ఇక్కడ ముందు ఒక జల్లెడ, వెనక ఒక దీపం, ఇప్పటిదాకా 1,50,000కు పైగా పరీక్షలు. మన ఊరి ప్లాంటులో పొర ఎప్పుడు మార్చారో ఎవరూ అడగరు.

ఇంటికి వస్తూ రైల్లో చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనే అంది: "చూస్తే అద్దం తీరుగ ఉండేటియి మా బాయి నీళ్ళు. గవి తాగే మా అక్క మోకాళ్ళు వంకరపోయినయి. కంటికి మంచిగుంటె మంచియి కాదు. గిది నాకు ఎర్కే. గిదేమో ఉల్టా."

ఇంతకంటే బాగా ఈ విషయాన్ని ఏ ప్రచార పత్రంలోనూ నేను చదవలేదు. నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయన్నది కాదు, ఇప్పుడు వాటిలో ఏముంది అన్నదే లెక్క. నిజానికి ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీస్తే ఎవరూ నీళ్ళు తాగలేరు. హైదరాబాదు కాలువలన్నీ మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి. ఆ దిగువనే విజయవాడ. రాజమండ్రిలో మనం భక్తిగా మునిగే గోదావరి అంతకు ముందు నాసిక్‌నీ నాందేడ్‌నీ చూసి వచ్చిందే. నది కొంత శుభ్రం చేస్తుంది, మధ్యలో దూరం ఉంటుంది కాబట్టి మనసు ఒప్పుకుంటుంది. నమీబియాలోని విండ్‌హోక్‌లో 1968 నుంచి వాడిన నీటిని శుద్ధి చేసి నేరుగా మంచినీటి గొట్టాల్లోకే పంపుతున్నారు. అమెరికాలో వర్జీనియాలోని ఆకోక్వాన్ జలాశయంలోకి 1978 నుంచి శుద్ధి చేసిన వాడిన నీరు కలుస్తోంది. ఫెయిర్‌ఫాక్స్ వైపున ఉన్న మన చుట్టాల్లో ఎంతమందికి తెలుసో!

కానీ ఇది అన్నిచోట్లా కుదరలేదు. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్ళో జలాశయాలు ఎండిపోతున్న రోజుల్లో, 2006 జులైలో, సరిగ్గా ఇలాంటి పథకం మీదే ఓటింగు పెట్టారు. 62 శాతం దాకా వద్దన్నారు. శాస్త్రం రెండుచోట్లా ఒకటే. అమెరికాలో శాండియాగోలో కూడా 1990లలో "మరుగుదొడ్డి నుంచి కుళాయికి" అన్న నాలుగు మాటలు ఇలాంటి పథకాన్ని ఏళ్ళ తరబడి ఆపేశాయి. సింగపూరువాళ్ళు వాటినుంచి నేర్చుకున్నదేమిటంటే ఎదుటివాళ్ళు పేరు పెట్టేలోపల మనమే పేరు పెట్టాలి, గుమ్మం తెరిచి చూపించాలి. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇక్కడ ప్రభుత్వం ఒకటి అనుకుంటే పత్రికలు ఎదురు రాయటం తక్కువ. టూవూంబాలో లాగా ఓటింగు పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

ఇక నీటి పొదుపు సంగతి. ప్రచారం వల్ల జనం మారతారా అని నాకు ఎప్పుడూ సందేహమే. లెక్కలు మాత్రం ఇలా ఉన్నాయి. 2003లో ఇక్కడ ఇంట్లో ఒక మనిషి రోజుకి 165 లీటర్లు వాడేవాడు. 2018కి అది 141 అయింది. 2020లో కరోనా వచ్చి అందరం ఇళ్ళల్లో కూర్చునేసరికి 154కి ఎగబాకింది. 2023లో మళ్ళీ 141. 2030కల్లా 130కి తేవాలని ఆశ. 2003లో కుళాయి మూతిలో బిగించే చిన్న బిళ్ళలు ఇచ్చారు, ధార సన్నబడటానికి. 2006లో మనిషికి 10 లీటర్లు తగ్గించుకోమని పందెం లాంటిది పెట్టారు. 2009 నుంచి కొన్ని పరికరాల మీద ఎన్ని నీళ్ళు తాగుతుందో తెలిపే ముద్ర తప్పనిసరి చేశారు. అయితే నా మటుకు నాకు వీటన్నిటికంటే బాగా పనిచేసింది బిల్లు. 1991 నుంచి నీటి మీద పొదుపు పన్ను వేస్తున్నారు. ఇప్పుడు మామూలు ఇంటికి నీటి ధర మీద 50 శాతం పన్ను. అన్నీ కలిపి వెయ్యి లీటర్లకు 2018లో 2.74 డాలర్లు ఉన్నది 2025 ఏప్రిల్ నుంచి 3.24 అయింది. ఆ బిల్లులోనే మనలాంటి ఇళ్ళల్లో సగటున ఎంత వాడారో పక్కనే గీతలు గీసి చూపిస్తారు. మొదటిసారి మా గీత పక్కింటివాళ్ళ గీతకంటే ఎత్తుగా ఉండటం చూసి మావారు రెండురోజులు బాధపడ్డారు. పోస్టరుకి అంత శక్తి లేదు.

మన ఇళ్ళల్లో నీళ్ళెక్కడికి పోతాయో కొంచెం చూసుకోవాలి. అన్నిటికంటే పెద్ద వాటా స్నానానిది. షవరు కింద ఒక్క నిమిషానికి 9 లీటర్ల దాకా పోతాయట. పదినిమిషాలు పాడుకుంటూ నిలబడితే 90 లీటర్లు. అదే బకెట్టూ చెంబూ అయితే ఇరవై లీటర్లలో తలస్నానం కూడా అయిపోతుంది. మా అమ్మ ఉన్న మూడు నెలలూ బకెట్టే. బియ్యం కడిగిన నీళ్ళు బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోసేది. పెరుగు గిన్నె, నెయ్యి గిన్నె కుళాయి కింద పెట్టి నీళ్ళు వదిలేసి కడిగే అలవాటు నాది. ఆమె వెనకాల నుంచి వచ్చి కుళాయి కట్టేసేది. ఏమీ అనేది కాదు. కట్టేసి వెళ్ళిపోయేది.

2016 అక్టోబరులో జొహోరులో మనకి నీళ్ళిచ్చే లింగియు జలాశయం 20 శాతానికి పడిపోయింది. అప్పుడు కూడా మా అపార్టుమెంట్లలో కుళాయి ఒక్కపూట ఆగలేదు. నీళ్ళు ఎప్పుడూ ఆగవు కాబట్టి పిల్లలకి ఆగటమంటే ఏమిటో తెలియదు. అందుకే మార్చిలో జల దినోత్సవం వచ్చినప్పుడు బడుల్లో కావాలని కుళాయిలు కట్టేసి, పిల్లల్ని బకెట్లతో వరసలో నిలబెట్టి రేషను నీళ్ళు పోస్తారు. మరుగుదొడ్డికైనా, చేతులకైనా ఆ నీళ్ళే.

అమ్మ ఊరు వెళ్ళిపోయాక మా అబ్బాయి బడిలో ఒకసారి ఇలా జరిగింది. వాడికి అది పెద్ద సాహసం. సాయంత్రం అమ్మమ్మకి వీడియో కాలు చేసి, వరస ఎంత పొడవుందో, బకెట్టు ఎంత బరువుందో, మెట్లమీద ఎలా ఒలికిందో అన్నీ చెప్పాడు. 

"ఎంతసేపు బందు వెట్టిన్రు బిడ్డా?" అని అడిగింది. 

"రెండు గంటలు అమ్మమ్మా!" 

ఆమె నవ్వటం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. తరువాత నవ్వు ఆపి, "బకెట్ల నీళ్ళు మిగిలినయా?" అని అడిగింది. కొంచెం మిగిలాయన్నాడు. 

"మరేం జేసినవ్?" 

వాడు నావైపు చూశాడు. పారబోశానని చెప్పటానికి వాడికి మనసొప్పలేదు.